తమ్ముకుర్ర పద్యానికి గాజువాక టీక

మూలం

ఊరు పేరు చెప్పి యోడరేవును జెప్పి
గుట్టుమాట పలికి కొట్టు చేరి
యడిగినంత తెచ్చి యాలస్యమును మాని
తలుపు మూసి రమ్ము తమ్ముకుర్ర!

అవతారిక

వెబ్ అప్లికేషనును డేటాబేసుకు కలిపేది చూడబోతే ఒక్క పంక్తి. మా ఆఫీసులో కొత్తగా చేరిన గుంటడు దాన్ని మూడు రోజులు రాశాడు. నాలుగో రోజు జాలేసి ఈ పద్యం అల్లి ఇచ్చాను. పంక్తి కంటే పద్యమే కష్టంగా ఉందన్నాడు. కాళిదాసుకు మల్లినాథసూరి దొరికాడు, నా పద్యానికి నేనే దిక్కు.

ప్రతిపదార్థం

తమ్ముకుర్ర = ఓ గుంటడా; ఊరు = హోస్టును; పేరు = యూజరు పేరును; చెప్పి = విన్నవించి; ఓడరేవును = పోర్టు నంబరును; చెప్పి = తప్పులేకుండా పలికి; గుట్టుమాట = పాస్‌వర్డును; పలికి = నలుగురికీ వినబడకుండా ఉచ్చరించి; కొట్టు = డేటాబేసును; చేరి = ప్రవేశించి; అడిగినంత = క్వెరీలో కోరినంత మట్టుకే; తెచ్చి = పట్టుకొచ్చి; ఆలస్యమును మాని = అక్కడే కూర్చోక; తలుపు = కనెక్షనును; మూసి = క్లోజు చేసి; రమ్ము = మరలి రా.

విశేషాలు

ఊరు: సర్వరుండే చోటు. గుంటడు తన ల్యాప్‌టాప్‌లో ఊరి పేరు లోకల్‌హోస్టు అని రాసుకున్నాడు. అంటే 127.0.0.1, అంటే "మా ఇల్లే". చక్కగా నడిచింది. ఆ పంక్తినే ఎత్తుకెళ్లి సర్వరులో పెట్టాడు. అక్కడ "మా ఇల్లే" అంటే సర్వరు ఇల్లు, డేటాబేసున్నది ఇంకో మిషనులో. "నా దగ్గర పంజేసింది కదన్నా" అన్నాడు. కుర్మన్నపాలెంలో నిలబడి "మా వీధి చివర" అనడమూ, శ్రీకాకుళంలో బస్సు దిగి అదే మాట అనడమూ ఒకటేనా? మా ఆఫీసులో సర్వర్లకు ఉక్కు కర్మాగారపు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు పెట్టుకున్నాం: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. వాడు చేరాల్సిన ఊరు అన్నపూర్ణ.

ఓడరేవు: ఇక్కడ శ్లేష. విశాఖలో పుట్టినవాడికి పోర్టు అంటే 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ప్రయాణికుల ఓడ వచ్చి ఆగిన చోటు. కంప్యూటరులో పోర్టు అంటే ఒక అంకె. నిజానికి దాన్ని బెర్తు అనాల్సింది. ఊరికి రేవు ఒకటి, రేవులో బెర్తులు అనేకం. మన రేవు తెరిచిననాడు ఉన్నవి మూడు బెర్తులైతే కంప్యూటరుకు 65,535. పోస్ట్‌గ్రెస్ మామూలుగా 5432లో కాచుకుంటుంది, మైఎస్‌క్యూఎల్ 3306లో.

ఇక్కడ భంగం రెండు విధాలు. కొట్టీ కొట్టగానే "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని వస్తే సంతోషించాలి. ఊరు దొరికింది, ఆ బెర్తులో మాత్రం ఎవరూ లేరు. అలా కాక తెర బిగుసుకుపోయి, టీ తాగి వచ్చేసరికి "టైమ్‌డ్ అవుట్" అంటే, చాలాసార్లు మధ్యలో ఫైర్‌వాల్ మాటను మింగేసిందని అర్థం. డాల్ఫిన్ నోస్ అవతల లంగరేసుకుని పైలటు కోసం చూసే ఓడల్ని బీచ్ రోడ్డు మీద ఎవరు చూడలేదు? వాటికి ఛానల్లోకి రమ్మనే పిలుపూ ఉండదు, పొమ్మనే మాటా ఉండదు. మావాడికి పట్టింది ఈ రెండో గతి. అది తెలియక రెండు రోజులు పాస్‌వర్డు మార్చి మార్చి చూశాడు. పాస్‌వర్డు తప్పయితే గేటు దగ్గరివాడు మొహం మీదే చెబుతాడు. ఓడ ఇంకా నడిసముద్రంలో ఉండగా గేటుపాసు తిరగరాసుకుంటే ఏం లాభం?

గుట్టుమాట: మూడో రోజుకు ఫైర్‌వాల్ తెరిపించాం. అప్పుడు నిజంగానే గుట్టుమాట అడ్డం తిరిగింది. ఈ ఊరివాడు కాబట్టి 1966 నాటి నినాదాన్ని గుర్తుచేసుకుని "ఉక్కు@హక్కు" అని పెట్టుకున్నాడట. అభిమానం మెచ్చదగ్గదే. కానీ పంక్తిలో గుట్టుకూ ఊరికీ మధ్య సరిహద్దు రాయి ఆ @ గుర్తే. యంత్రం మొదటి రాయి దగ్గరే గుట్టు అయిపోయిందనుకుని, హక్కు అనే ఊరు ఎక్కడుందో వెతకబోయింది. గుట్టులోని @ ను %40 అని మార్చి రాస్తే ఊరుకుంది. ఈ గుట్టుమాటను కోడులోనే రాసి గిట్‌లోకి తోసినవాడితో నేను గుట్టు అనే పదం గురించి చర్చించను.

పద్యంలో ఊరు ముందు, గుట్టు తరువాత కదా, పంక్తిలో తలకిందులుగా ఉందేమని శంక. యతి కోసం. కవికి ఆ మాత్రం చనువుంది, యంత్రానికి లేదు.

అడిగినంత: పది వరుసలు చాలినచోట టేబులంతా మోసుకురావద్దని భావం.

తలుపు మూసి: పద్యానికి ప్రాణం ఇక్కడ. పోస్ట్‌గ్రెస్ ఎవరూ సెట్టింగు మార్చకపోతే 100 కనెక్షన్ల దగ్గర ఆగిపోతుంది. మావాడు పేజీకొక తలుపు తీశాడు, ఒక్కటీ మూయలేదు. పొద్దున్న పదిన్నరకు అంతా బాగుంది. పదకొండయ్యేసరికి "టూ మెనీ క్లయింట్స్" అని కేక. లోపలికెళ్లి చూస్తే వందకు దగ్గరగా కనెక్షన్లు, అన్నిటి ఎదురుగా "ఐడిల్" అని ఒకటే మాట. సరుకు దింపేసి, బెర్తు వదలకుండా నిద్రపోతున్న ఓడలు.

దీనికి మందు పూల్ అని పెద్దలన్నారు. పది తలుపులు ముందే తీసి ఉంచి, వచ్చినవాడికల్లా ఒకటి అప్పగించడం. బ్లాస్ట్ ఫర్నేసును టన్నుకోసారి వెలిగించి ఆర్పరు కదా, ఏళ్ల తరబడి మండుతూనే ఉంటుంది. మరి తలుపులు తీసే ఉంచాలంటే "తలుపు మూసి" అన్న మాట పొసగదేమో అని శంక. పొసగుతుంది. పూల్ ఉన్నచోట క్లోజు అంటే మూయడం కాదు, తీసుకున్నది తిరిగి అప్పగించడం. పైకి విరోధంలా కనబడి లోపల విరోధం లేదు గనుక విరోధాభాసం.

తమ్ముకుర్ర: "తలుపు మూసి రమ్ము గుంటడా" అని మద్దిలపాలెం పాఠాంతరం. మాట మనదే, నోటికీ బాగుంది. గణమూ చెడింది, యతీ చెడింది. గ్రాహ్యం కాదు.

ఛందస్సు: ఆటవెలది.

టీకంతా చదివి గుంటడు నిన్న అడిగాడు: "అన్నా, అన్నీ బాగున్నాయి గానీ పోర్టు నంబరు పద్యంలో లేదేటి?" ఐదు వేల నాలుగు వందల ముప్పై రెండును సూర్యగణాల్లోకి ఎక్కించడానికి రెండు రాత్రులుగా చూస్తున్నాను. ముప్పై దగ్గర ఆగిపోతోంది.