గంటే బావా, గంటే!

మా బావమరిది ఉండేది హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో. విజయవాడ ప్రయాణమంటే బస్సు పేరెత్తనివ్వడు. "ఐదు గంటలు ఎవడు కూర్చుంటాడు బావా? విమానంలో గంటే!" అంటాడు. సాక్ష్యానికి ఫోన్ తీస్తాడు. రెండు విమానాశ్రయాల పేర్లు కొడితే చాలు, దూరమూ సమయమూ తేల్చేసే లెక్క అందులో ఉంది. శంషాబాద్ నుంచి గన్నవరానికి సుమారు 260 కిలోమీటర్లు. జెట్ గంటకు 800 చొప్పున పోతే 20 నిమిషాలు! గంట అని చెప్పడం మావాడి వినయం.

లెక్క తప్పు కాదు. భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధమున్న నున్నటి బంతి అనుకుని, రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి కొలుస్తారు. హనుమంతుడికి అచ్చంగా సరిపోతుంది. ఆయన మహేంద్రగిరి మీద కాలు మోపి లంఘించాడు గానీ, బెల్టు విప్పి ట్రేలో పెట్టి క్యూలో నిలబడలేదు కదా!

మావాడి యాత్ర చూడండి. విజయవాడ తూర్పున ఉంది. వాడిల్లు ఆ దారి మొదట్లోనే. అయినా వీడు ముందు నైరుతికి తిరిగి శంషాబాద్ పోతాడు. అక్కణ్ణుంచి ఎగిరి, విజయవాడ దాటి గన్నవరంలో దిగుతాడు. మళ్ళీ 20 కిలోమీటర్లు వెనక్కొస్తాడు. ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడమంటే ఇదే.

పది గంటల విమానానికి ఏడింటికి గడప దాటాలి. బ్యాగు ఇచ్చే కౌంటరు గంట ముందే మూస్తారు. గేటు 25 నిమిషాల ముందు. పదకొండుకి దిగి, బెల్టు మీద తిరిగే పెట్టెల్లో తన పెట్టెను గుర్తుపట్టి, క్యాబ్ పట్టుకుని విజయవాడ బెంజ్ సర్కిల్ చేరేసరికి పన్నెండు. వెరసి ఐదు గంటలు! ఏడింటికే ఎల్బీ నగర్‌లో బస్సెక్కినవాడు సూర్యాపేటలో టీ తాగి, కోదాడ దాటేదాకా కునుకు తీసి, ఇంచుమించు అదే వేళకి దిగుతాడు.

ఆ 'గంట' కూడా గాల్లో గడిపేది కాదు. ఆగినచోటు నుంచి కదిలింది మొదలు, అక్కడ దిగి ఆగేదాకా లెక్క. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. అందులో ముందే కాస్త వదులు కలిపి కుట్టుకుంటారు. పైగా పావుగంట వరకూ ఆలస్యమైనా ప్రభుత్వ లెక్కల్లో అది సమయపాలనే. అందుకే 'పది నిమిషాలు ముందే చేరాం' అని మైకులో వినగానే మావాడు మురిసిపోతాడు. ఎదిగే పిల్లాడికి రెండు సైజులు పెద్ద చొక్కా కుట్టించి, "చూశారా, బిగుతు కాలేదు" అన్నట్టు.

విమానం మీద నాకు పగ లేదు. ఢిల్లీకైతే రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ. విమానంలో రెండుంబావు గంటలు. అక్కడ దానికి దణ్ణం పెట్టాల్సిందే. గొడవల్లా విమానాశ్రయాల మధ్య దూరాన్ని ఊళ్ళ మధ్య దూరంగా అమ్మడంతోనే. విమానాశ్రయంలో కాపురముండేవాళ్ళెవరూ లేరు.

కాబట్టి, ఈసారి ఎవరైనా "గంటే" అంటే ఒక్క మాట అడగండి: "ఏ గుమ్మం నుంచి ఏ గుమ్మానికి?"