ఎన్ని కాదు, ఎవరు

కొత్తగా ఎమ్మెస్ చదవడానికి నెబ్రాస్కాలోని లింకన్ వచ్చిన మన కుర్రాళ్ళు ఆగస్టు నెలలో ఎక్కడ కనిపించినా నన్ను ఒకటే అడుగుతారు. “అంకుల్, ఈసారి హస్కర్లు ఎన్ని గెలుస్తారంటారు?” నేను నోరు తెరిచేలోపే ఫోన్ తీసి ఒక అంకె చూపిస్తారు. ఆరున్నరట, ఏడున్నరట. దానికి పైన అని కొందరు, కింద అని కొందరు పందెం కాస్తారు. 2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఆటల పందేలకు చాలా రాష్ట్రాలు ఒక్కొక్కటిగా గేట్లెత్తేశాయి. అప్పట్నుంచి అభిమాని పెట్టుకునే ఆశ కూడా పందెం అంకె అయి కూర్చుంది. అర గెలుపనేది ఏ మైదానంలోనూ ఉండదు. ఆ సగం పందెం కోసం పుట్టిన సగం.

మా రోజుల్లో ఆగస్టులో మొదట అడిగేది ‘ఎన్ని’ అని కాదు, ‘ఎవరు’ అని. కిందటేడు బెంచీ మీద కూర్చున్న ఏ పిల్లాడు ఈసారి మైదానంలోకి దిగుతాడు? ముందు వరసలో ఎవరి చదువు పూర్తయింది? వాళ్ళ చోట్లోకి ఏ ఊరి అబ్బాయి తయారయ్యాడు? ఆ పేర్లు తేలాక గెలుపుల లెక్క దానంతటదే తేలేది. ఇప్పుడు లెక్క ముందొస్తుంది. పేర్లు అక్టోబరు దాకా నోటికి ఎక్కవు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నేను చెప్పేది కోడిగుడ్డు ఆకారపు బంతితో, నెత్తిన హెల్మెట్‌తో ఆడే అమెరికా ఫుట్‌బాల్ సంగతి. నెబ్రాస్కా రాష్ట్రం మొత్తం మీద జనం ఇరవై లక్షలకు అటూ ఇటూ. జీతాలిచ్చి ఆడించే పెద్ద లీగు ఫుట్‌బాల్ జట్టు ఒక్కటీ ఇక్కడ లేదు. ఉన్నదల్లా యూనివర్సిటీ పిల్లల జట్టు, ఈ హస్కర్లే. 1923లో తెరిచిన మెమోరియల్ స్టేడియంలో 1962 నవంబరు నుంచి ప్రతి ఆటకూ టికెట్లన్నీ అమ్ముడవుతూనే వచ్చాయి. ఆట ఉన్న శనివారం ఎనభై వేల పైచిలుకు జనం లోపల కూర్చుంటే, ఒమాహా, లింకన్ల తర్వాత రాష్ట్రంలో మూడో పెద్ద ఊరు ఆ స్టేడియమే.

నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివి, 1981లో పైచదువుకి ఇక్కడికొచ్చాను. మట్టి నమూనాల కోసం ప్రొఫెసరు గారి వెంట పల్లెలు తిరిగేవాణ్ణి. ఏ ఊరికెళ్ళినా రైతుల సహకార సంఘంవారి ధాన్యం గిడ్డంగి దగ్గర కాఫీ ఉండేది, కాఫీ ఉన్నచోట ఫుట్‌బాల్ కబురు ఉండేది. ఆ సెప్టెంబరులో జట్టు మొదటి మూడు ఆటల్లో రెండు ఓడింది, అయోవా చేతిలో ఒకటి, పెన్ స్టేట్ చేతిలో ఒకటి. రైతులు గట్టిగానే సణిగారు. కానీ ఆ సణుగుడులో ఒక పేరు వినపడేది. టెక్సాస్ నుంచి వచ్చిన రెండో ఏడాది కుర్రాడున్నాడు, టర్నర్ గిల్, అతనికి బంతి ఎప్పుడిస్తారు అని. ఐదో ఆటలో, కొలరాడో మీద, అతన్ని మొదటి నుంచీ క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే ఆట నడిపేవాడిగా, ఆడించారు. 59-0తో గెలిచాం. ఎవరి కోసం ఎదురుచూడాలో ఆ పల్లెల్లోవాళ్ళకి ముందే తెలుసు.

ఆ ఏటి నుంచి 1983 దాకా అవే ముఖాలు. గిల్ వెనక మైక్ రోజియర్, అంచున ఇర్వింగ్ ఫ్రయర్. ముందు వరసలో, కెమెరా చూడనిచోట, ఒమాహా కుర్రాడు డేవ్ రిమింగ్టన్. అతని చదువైపోయాక బర్ అనే చిన్న పల్లె నుంచి వచ్చిన డీన్ స్టైన్‌కూలర్. దేశంలో మేటి లైన్‌మన్‌కిచ్చే అవుట్‌లాండ్ ట్రోఫీ 81, 82ల్లో రిమింగ్టన్‌కి, 83లో స్టైన్‌కూలర్‌కి వచ్చింది. వరసగా మూడేళ్ళు, ఈ రాష్ట్రపు పిల్లలకే. 82లో జట్టు ఓడింది ఒక్క ఆటే, అదీ మళ్ళీ పెన్ స్టేట్ చేతిలో, మూడు పాయింట్ల తేడాతో. వాళ్ళు ఆ ఏడు జాతీయ చాంపియన్లయ్యారు. అందుకని 83 ఆగస్టులో మేం పెట్టుకున్న ఆశకు పునాది ఉంది. మొదటి ఆటలోనే అదే పెన్ స్టేట్‌ని 44-6తో ఓడించారు. సెప్టెంబరులో మిన్నెసోటా వెళ్ళి 84-13తో గెలిచారు. పన్నెండు ఆటల్లో సగటున ఆటకి 52 పాయింట్లు. ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ రోజియర్‌ది.

అలాంటి జట్టు ఒక్క వేసవిలో తయారు కాదు. కోచ్ టామ్ ఆస్బోర్న్ గారు 1973 నుంచి 1997 దాకా పాతికేళ్ళున్నారు. పల్లెటూళ్ళ హైస్కూలు పిల్లల్ని, స్కాలర్‌షిప్ ఇవ్వలేకపోయినా, జట్టులో చేర్చుకునేవారు. వాళ్ళని వాక్-ఆన్‌లంటారు. చిన్న కాలేజీలు స్కాలర్‌షిప్ ఇస్తామన్నా వద్దని, తండ్రి పొలం డబ్బుతో ఫీజు కట్టుకుని ఎర్ర చొక్కా కోసం వచ్చిన పిల్లలు వాళ్ళలో ఎందరో. మొదటి ఏడాది చాలామందిని ఆటల్లోకి దించకుండా బరువులెత్తించి, ఆట నేర్పేవారు. మూడో ఏటికి ఒక అవకాశం, నాలుగో ఏటికి ఒక చోటు, ఐదో ఏటికి రాష్ట్రమంతా తెలిసిన పేరు. కొడుకు జట్టులో ఉన్న ఇంటివాళ్ళు పడమటి కొసన స్కాట్స్‌బ్లఫ్ నుంచి నాలుగొందల మైళ్ళు కారు నడుపుకుంటూ వచ్చేవాళ్ళు. ఏప్రిల్‌లో జట్టు రెండుగా చీలి తమలో తామే ఆడే ఎర్ర-తెల్ల ఆట ఒకటి ఉండేది. ఎవరు ఎదిగారో, ఎవరి మోకాలు ఇంకా మానలేదో అక్కడ కళ్ళారా చూసేవాళ్ళం. ఆగస్టు ఆశకి నారుమడి అదే.

1984 జనవరి 2 రాత్రి మయామీలో, మయామీ యూనివర్సిటీ మీద ఆడిన సీజన్ చివరి ఆరెంజ్ బౌల్ ఆట సంగతి చెప్పకుండా ఉండలేను. కావాలని నేల మీద వదిలేసిన బంతిని స్టైన్‌కూలర్ ఎత్తుకుని, ఆ భారీ ఒంటితో పరిగెత్తి టచ్‌డౌన్ చేసిన ఆట అది. ఇంకా 48 సెకన్లుందనగా మరో టచ్‌డౌన్ చేసి స్కోరు 31-30 దాకా తెచ్చారు. ఒక్క పాయింటు కిక్ కొడితే సమం. అప్పట్లో కాలేజీ ఆటలకు అదనపు సమయం లేదు. ఓటమి ఎరగని జట్టుగా జాతీయ టైటిల్ దాదాపు చేతికొచ్చినట్టే. ఆస్బోర్న్ సమానికి ఒప్పుకోలేదు, గెలుపు కోసం రెండు పాయింట్లకే వెళ్ళారు. గిల్ విసిరిన బంతికి మయామీ ఆటగాడి చెయ్యి తగిలింది. ఓడిపోయాం. కిక్ కొట్టాల్సిందని అన్నవాళ్ళు లింకన్‌లో లేకపోలేదు. ఆ నిర్ణయం మీద నాకు ఆ రాత్రీ గర్వమే, ఈనాటికీ గర్వమే. మా కోచ్ సగం గెలుపుతో సరిపెట్టుకునే మనిషి కాదని దేశమంతా చూసింది.

మా రోజుల్లోనూ సణుగుడు తక్కువేం కాదు. ఆస్బోర్న్ మొదటి అయిదేళ్ళూ ఓక్లహోమా చేతిలో ఓడారు. 87 నుంచి 93 దాకా ఏడు సీజన్లలో ఏడు బౌల్ ఆటలూ పోయాయి. ఏటా తొమ్మిదికి తగ్గకుండా గెలుస్తున్నా, పెద్ద ఆట గెలవలేడనే మాట తప్పలేదు. అయినా యూనివర్సిటీ ఓపిక పట్టింది. ఆయనకు ముందు బాబ్ డెవానీ గారు 67లోనూ 68లోనూ 6-4 దగ్గరే ఆగిపోయి, ఓక్లహోమా చేతిలో 47-0తో ఓడినప్పుడూ ఓపిక పట్టింది. 70, 71ల్లో ఆయన రెండు జాతీయ టైటిళ్ళు తెచ్చారు. ఆస్బోర్న్ 94, 95, 97ల్లో మూడు తెచ్చారు. 93 నుంచి 97 దాకా 60 గెలుపులు, 3 ఓటములు. 255 గెలుపులతో ఆయన దిగిపోయారు.

నా కోపమంతా ఆ తర్వాత జరిగినదాని మీద. ఆయన చోట్లోకి వచ్చిన ఫ్రాంక్ సోలిచ్ ఈ జట్టులోనే ఆడినవాడు, ఆస్బోర్న్ దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసినవాడు. 2003లో కొలరాడోని ఓడించి 9-3తో ఇంటికొచ్చాడు. మర్నాడే తీసేశారు. తొమ్మిది గెలుపులు చాలవన్నారు! పాతికేళ్ళపాటు రాష్ట్రాన్ని నిలబెట్టిన అంకె ఒక్క రాత్రిలో అవమానమైపోయింది. మరుసటి ఏడు 5-6తో, 1961 తర్వాత మొదటిసారి ఓటముల సీజన్ చూశాం. ఆ గొడ్డలి దెబ్బ నుంచి జట్టు ఈనాటికీ తేరుకోలేదని నా గట్టి నమ్మకం. మా జట్ల కూటమి, అంటే కాన్ఫరెన్స్, టైటిల్ చివరిసారి గెలిచింది 1999లో. ఇప్పుడు కాలేజీలో ఉన్న పిల్లల్లో చాలామంది అప్పటికి పుట్టలేదు.

ఆ తర్వాత కోచ్‌లు వచ్చారు, పోయారు. ప్రతి కొత్త మనిషితో ఆగస్టు ఆశ ఆకాశానికెక్కేది. 2018లో స్కాట్ ఫ్రాస్ట్ వచ్చాడు. 97 టైటిల్ జట్టు క్వార్టర్‌బ్యాక్, ఈ రాష్ట్రపు బిడ్డ. మొదటి ఏడు 4-8 అయినా రెండో ఏడు దేశంలో 24వ ర్యాంకు ముందే ఇచ్చేశారు. 5-7తో ముగిసింది. 2021లో తొమ్మిది ఓటములు, అన్నీ తొమ్మిదో అంతకన్నా తక్కువో పాయింట్ల తేడాతోనే. ఇంత దగ్గరగా వచ్చి ఇన్నిసార్లు ఓడటమంటే చివరి అయిదు నిమిషాల్లో ముందు వరస నిలబడలేదని అర్థం. ఆ వరస కట్టడానికి నాలుగేళ్ళు పడుతుంది. నాలుగేళ్ళు ఇక్కడ ఉండేదెవరు?

డబ్బు మీద నాకు కోపం లేదు, ఇది స్పష్టంగా చెప్పాలి. రోజియర్, గిల్ ఆడిన రోజుల్లో స్టేడియం కిక్కిరిసేది, ఆ పిల్లలకి దక్కింది ఫీజు, గది, తిండి. 2021 జూలై నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. 2025 నుంచి యూనివర్సిటీలే ఏడాదికి రెండు కోట్ల డాలర్ల పైన పంచొచ్చు. ఎప్పుడో జరగాల్సిన న్యాయం అది. నా బాధల్లా ఏటా జట్టు చెదిరిపోవడం. బదిలీల పోర్టల్‌లో పేరు రాసుకుంటే చాలు, ఏడాది ఖాళీగా కూర్చోకుండానే మరో యూనివర్సిటీకి ఆడొచ్చు. ఇస్తున్న డబ్బుకి మూడేళ్ళ ఒప్పందం రాయించి, పిల్లాడి చేతా యూనివర్సిటీ చేతా సంతకం పెట్టించండి. అటు పిల్లాణ్ణి గెంటేయకూడదు, ఇటు పిల్లాడు మధ్యలో వెళ్ళిపోకూడదు.

డొమినిక్ రయోలా మా జట్టులో సెంటర్‌గా ఆడాడు. అతని కొడుకు డిలన్ 2024లో వచ్చి మొదటి ఏడే క్వార్టర్‌బ్యాక్ అయినప్పుడు, తండ్రి ఆడిన మైదానంలో కొడుకు నాలుగేళ్ళుంటాడని ఊరంతా మురిసింది. ఆ ఏడు న్యూయార్క్‌లో పిన్‌స్ట్రైప్ బౌల్ గెలిచి 7-6తో ముగించారు, 2016 తర్వాత మొదటి గెలుపుల సీజన్. 2025 నవంబరులో అతని కాలు విరిగింది. సీజన్ అయ్యాక మరో యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. కుర్రాణ్ణి ఏమీ అనను, దారి తెరిచి పెట్టింది పెద్దవాళ్ళు. 2025 ఏప్రిల్‌లో ఎర్ర-తెల్ల ఆటను కూడా మానేశారు. అక్కడ బాగా ఆడిన పిల్లల్ని పక్క యూనివర్సిటీలు ఎగరేసుకుపోతాయని కోచ్ మ్యాట్ రూల్ భయం. సొంత పిల్లల్ని సొంత జనానికి చూపించడానికి భయపడే రోజొచ్చిందంటే నా గుండె తరుక్కుపోతుంది.

ఎవరితో ఆడతామో కూడా తెలియకుండా పోయింది. బిగ్ ఎయిట్ కాన్ఫరెన్స్ రోజుల్లో ఏటా అవే ఏడు జట్లతో తప్పకుండా ఆట, థాంక్స్‌గివింగ్ దగ్గర్లో ఓక్లహోమాతో తేలేది. 2011లో బిగ్ టెన్‌లోకి వెళ్ళాం. అందులో ఇప్పుడు పద్దెనిమిది జట్లు, లాస్ ఏంజెలస్ నుంచి న్యూజెర్సీ దాకా. ఆట ఎన్నింటికో టీవీవాళ్ళు చెప్పిందాకా నాలుగొందల మైళ్ళ దూరంలోని రైతుకి బండి ఎప్పుడు తీయాలో తెలియదు. ఒక్క మంచి మాత్రం మిగిలింది. ఓడినా గెలిచినా ఎదుటి జట్టు మైదానం దిగి వెళ్తుంటే మావాళ్ళు లేచి చప్పట్లు కొడతారు. చంటిపిల్లలకి కూడా అది నేర్పుతారు.

ఈ ఏటి జట్టు మీద నా ఆశ ఎంతంటే, ముందు వరస అయిదుగురిలో కిందటేడు ఇక్కడే ఆడినవాళ్ళు ముగ్గురుంటే ఎనిమిది గెలుపులు అడుగుతాను. ఇద్దరే ఉంటే ఆరు చాలంటాను, కోచ్‌ని ఒక్క మాట అనను. అయోవా విషయంలో మాత్రం రాజీ లేదు. 2015 నుంచి 2025 దాకా వాళ్ళని ఓడించింది ఒక్క 2022లోనే. 23, 24ల్లో రెండుసార్లూ 13-10తో, ఆఖరి కిక్‌కి పోయింది. థాంక్స్‌గివింగ్ మర్నాటి ఆ శుక్రవారం ఆట గెలిచి తీరాలి.