రేటు అడిగితే నవ్వేయండి

హైదరాబాద్‌లో సొంతంగా ఫొటోలు తీసుకుంటూ బతుకుదామని అప్పుచేసి కెమెరా కొన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మొదటి సలహా: కాగితం జోలికి పోకండి. ఒప్పందాలూ అడ్వాన్సులూ పెళ్లి ఫొటోలు తీసేవాళ్ల గొడవ. మనం కళాకారులం. "మీ రేటెంత?" అని ఎవరైనా అడిగితే నవ్వేసి, "మన మధ్య రేటేంటన్నా, మీకు తోచింది ఇవ్వండి" అనాలి. వాళ్లకు ఏమీ తోచదు. అది వేరే సంగతి.

కృష్ణానగర్, యూసుఫ్‌గూడల్లో పోర్ట్‌ఫోలియో కావలసిన పిల్లలకు కొదవలేదు. వాళ్ల దగ్గర డబ్బు లేదు, మీ దగ్గర పని లేదు. కాబట్టి వాళ్లు ఊరికే నిలబడతారు, మీరు ఊరికే తీస్తారు. దీనికి టీఎఫ్‌పీ అని ఒక పేరు కూడా ఉంది. ఎన్ని ఫొటోలు ఇస్తారు, ఎప్పటికిస్తారు, ఎవరు ఎక్కడ వాడుకోవచ్చు అన్న మూడు ముక్కలు ముందే రాసి సంతకాలు పెట్టించుకునే పిరికివాళ్లు కొందరున్నారు. మీరు అలా చేయకండి. ఆర్నెల్ల తర్వాత ఆ అమ్మాయి బొమ్మ ఏ చీరల కొట్టు హోర్డింగ్ మీదో కనబడి వాళ్ల నాన్న ఫోన్ చేసినప్పుడు తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

షూట్‌కు అమ్మనో అక్కనో తోడు తెచ్చుకుంటానంటే మొహం మాడ్చండి. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో ఆడవాళ్ల కోసం హైదరాబాద్‌లో విడిగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్లేయ మహిళ చేతిలో పెట్టాడు. పాతకాలపు ఛాదస్తం! మీరైతే జడ సరిచేయాలన్నా, పైట సర్దాలన్నా అడగడాలూ చెప్పడాలూ లేకుండా చెయ్యి వేసేయండి. వారం తిరక్కుండా మీ పేరు ఊళ్లో మోడళ్లందరికీ తెలిసిపోతుంది. పైసా ఖర్చులేని పబ్లిసిటీ.

లైటింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మే నెల, మిట్టమధ్యాహ్నం, కుతుబ్‌షాహీ సమాధులు. కళ్ల కింద పడే నల్లటి నీడల్ని 'మూడ్' అనండి.

ఇక సేవా కార్యక్రమాలు. అసలు కిటుకంతా ఇక్కడుంది. "బ్రదర్, మంచి పని కోసం చేస్తున్నాం, బడ్జెట్ లేదు, మీకు బాగా ఎక్స్‌పోజర్ వస్తుంది" అని ఫోన్ వస్తుంది. హాలుకు అద్దె కట్టారు. స్టేజీ పూలకూ, శాలువాలకూ, మెమెంటోలకూ కట్టారు. భోజనాలకు ప్లేటు లెక్కన అడ్వాన్సిచ్చారు. సేవాభావం మాత్రం మీ ఒక్కరికే మిగిల్చారు. కాదనకండి. ఉచితంగా చేసినా సరే, 'మామూలు రేటు ఇంత, సంస్థ కోసం ఇంత తగ్గించాను' అని బిల్లు రాసిచ్చే మొండివాళ్లుంటారు. అలా చేస్తే మీ పనికి ధర ఉందని వచ్చే ఏడు కూడా వాళ్లకు గుర్తుంటుంది.

బదులుగా ఆదాయపు పన్ను మినహాయింపు రసీదు ఇస్తామంటే మురిసిపోండి. ఆ మినహాయింపు డబ్బు విరాళానికే గానీ చాకిరీకి వర్తించదని, నగదైతే 2,000 దాటినా చెల్లదని మార్చిలో ఆడిటర్ ఎలాగూ చెబుతాడు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద హక్కు తీయించుకున్నవాళ్లదే. ఊరికే తీసిపెడితే మాత్రం మీదే. అంటే ఆ సాయంత్రం మొత్తానికి మీకు మిగిలిన ఆస్తి అదొక్కటే. అందుకని ఆ రాత్రే 1,800 ఫొటోలూ రా ఫైళ్లతో సహా డ్రైవ్‌లో పెట్టి, "ఎలాగైనా వాడుకోండి సార్" అని లింకు పంపేయండి.

ఆసుపత్రిలో పండ్ల పంపిణీ ఫొటోకు ఒక పద్ధతుంది. మంచం మీద ముసలాయన, ఒక యాపిల్, దాన్ని పట్టుకున్న ఏడు చేతులు. ముసలాయన చెయ్యి గాల్లోనే ఉండాలి. వెనక వరసలో ఎవరో కళ్లు మూశారని తేలితే పండు వెనక్కి తీసుకుని మళ్లీ ఇప్పించండి. 85 ఎంఎం లెన్స్‌ను 1.4 దగ్గర పెడితే ప్రెసిడెంటుగారి ముక్కు ఒక్కటే స్పష్టంగా పడుతుంది. మిగతా ఆరుగురూ సేవాభావంలో కరిగిపోతారు.

అనాథాశ్రమమైతే పిల్లల మొహాలు దగ్గరగా తీయండి, కళ్లలో నీళ్లుంటే మరీ దగ్గరగా. పేరూ ఊరూ పేపరుకు పంపే క్యాప్షన్‌లో రాయండి. సంరక్షణలో ఉన్న పిల్లల ఆనవాళ్లు బయటపెడితే ఆర్నెల్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ అంటుంది 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్. వెనక నుంచి తీసినా, చేతులు మాత్రమే తీసినా ఫొటో పండుతుందనే సీనియర్లున్నారు. వాళ్లకు లైకులు రావు.

మోడళ్లూ సేవా కలిసే చోటు ఛారిటీ ఫ్యాషన్ షో. ఆగస్టు 7, చేనేత దినోత్సవం నాడు నేతన్నల కోసమని ర్యాంప్ వేస్తారు. మోడళ్లు ఊరికే నడుస్తారు, మీరు ఊరికే తీస్తారు, ఊదారంగు లైట్ల కింద ఇకత్ చీర అసలు రంగు ఎవరికీ కనబడదు. షో అయ్యాక, చివరి వరసలో కూర్చున్న పోచంపల్లి పెద్దాయన మీ దగ్గరికొచ్చి, తాను నేసిన చీర ఫొటో ఒకటి పంపమని ఫోన్ నంబరిస్తాడు. పంపండి. చిన్న సైజులో, చీర మీద మీ పేరు అడ్డంగా పడేలా వాటర్‌మార్క్ వేసి మరీ పంపండి. కాపీరైటంటే ఏమిటో ఆయనకైనా తెలియాలి కదా.