నా ఒకటో పేజీకి

నేను రెండు వందల పేజీల లాంగ్ నోట్సుని. 2012లో, ఇంటర్ పరీక్షలు అయిపోయిన నాలుగో రోజున, పొదిలి బస్టాండు దగ్గర పుస్తకాల కొట్లో ఆ అమ్మాయి నన్ను కొన్నది. ఇంటికి తీసుకెళ్లగానే వాళ్లమ్మ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, జాకెట్టు కుట్టగా మిగిలిన లేతనీలం లైనింగు గుడ్డతో అట్టకి తొడుగు కుట్టింది. మిషను మీద నాలుగు పక్కలా రెండేసి కుట్లు వేసింది, ఒకటి ఊడినా రెండోది పట్టుకుని ఉంటుందని. పదేళ్లు దాటింది. ఒక పక్క పైకుట్టు ఊడింది. రెండోది గట్టిగానే ఉంది.

ఇప్పుడు నాలో ఖాళీ లేదు. చివరి పేజీ చివరి గీత దాకా నిండిపోయాను. చివరి పేజీలో ఉన్నదీ నేనే, ఒకటో పేజీలో ఉన్నదీ నేనే. కానీ ఒకటో పేజీ నాటి నాకు ఏమీ తెలియదు. ఆ నాతో మాట్లాడాలని చాలా కాలంగా ఉంది.

ఒకటో పేజీ, నీ నెత్తిన ఆ అమ్మాయి ఎర్ర పెన్నుతో ‘రోజుకి 20 మాటలు’ అని రాసి కింద రెండు గీతలు కొట్టింది. ఆ రోజు నీకెంత గర్వమో నాకు గుర్తుంది. ఆమె గవర్నమెంటు జూనియర్ కాలేజీలో తెలుగు మీడియం ఎంపీసీ. ఇంజినీరింగ్ అంతా ఇంగ్లీషులోనే ఉంటుందనీ, తెలుగు మీడియం పిల్లలు మొదటేడు తట్టుకోలేరనీ ఊళ్లో కనబడిన ప్రతివాళ్లూ చెప్పారు. ‘ఇంగ్లీషు నేర్చుకో’ అన్నారే గాని, ఏ ఇంగ్లీషు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి, అన్నది ఎవరూ చెప్పలేదు. చిన్నప్పటి మాస్టారి దగ్గర ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు అడిగి తెచ్చుకుంది. ‘ఏ’ దగ్గర మొదలుపెట్టింది. పగలు ఎంసెట్ బిట్లు, రాత్రి నేను. మూడు నెలలు పోయేసరికి ‘సి’ చివరికి వచ్చాం.

నీ తరవాతి పేజీల్లో ఏమున్నాయో చూడు. ‘బేస్: పునాది’. ఆ అమ్మాయిని క్షారాల గురించి అడిగితే పేజీన్నర రాయగలదు, బేస్ అంటే క్షారమని మాత్రం అక్కడ లేదు. ‘కరెంట్: ప్రస్తుతం’. ‘బీమ్: కిరణం’. ‘కాలిక్యులస్: మూత్రకోశంలో పుట్టే రాయి’. నిఘంటువులో ఆ అర్థం కూడా ఉన్నమాట నిజమే, రాసుకున్నది తప్పు కాదు. కానీ అవధులూ, అవకలనాలూ, సమాకలనాలూ రాత్రీపగలూ చేసి గణితంలో నూటికి నూరు తెచ్చుకున్న పిల్ల, తను రెండేళ్లు చదివింది కాలిక్యులసేనని తెలియకుండా దాని పక్కన రాయి అని రాసుకుంది. ఆ గీత మీద సిరా ఆరుతున్నప్పుడు నేనేమీ అనలేకపోయాను. నాకూ తెలియదు.

నీకు చెప్పాల్సిన మాట ఇదే. నువ్వు మొదలుకావలసింది నిఘంటువు దగ్గర కాదు, గూట్లో ఉన్న తెలుగు అకాడమీ పుస్తకాల దగ్గర. తెలుగు అకాడమీని 1968లో పెట్టింది ఇందుకే, ఇంటర్, డిగ్రీ చదువులు తెలుగులో సాగేలా పుస్తకాలు తయారుచెయ్యడానికి, పారిభాషిక పదాలు కూర్చడానికి. జడత్వం, ద్రవ్యవేగం, స్నిగ్ధత, తలతన్యత, పరావలయం... ఒక్కో మాట వెనక ఎవరో కూర్చుని ఆలోచించారు. ఆ మాట మొదటిసారి వచ్చిన చోట పక్కనే కుండలీకరణాల్లో ఇంగ్లీషు మాట అచ్చువేశారు. పరీక్షలో అడగరు కాబట్టి ఆ అమ్మాయి వాటిని రెండేళ్లపాటు దాటేసుకుంటూ చదివింది. ఎంసెట్ పాత ప్రశ్నపత్రాలూ అంతే. మూడు గంటల్లో నూట అరవై ప్రశ్నలు, ఒక్కో ప్రశ్న ఇంగ్లీషులోనూ తెలుగులోనూ. ఒక కట్ట పాత పేపర్లు ఇంట్లోనే ఉన్నాయి. తనకి జవాబు తెలిసిన లెక్కనే ఇంగ్లీషులో ఎలా అడుగుతారో చూపించే పుస్తకం అంతకన్నా మంచిది ఇంకోటి ఉంటుందా? ఆమె చూపు తెలుగు వైపే ఉండేది. ఎవరైనా ‘ఒక్కసారి ఇటు చూడమ్మా’ అని ఉంటే బాగుండేది.

ఇంకోటి. ఆ పుస్తకాలు అమ్మనివ్వకు. ఫలితాలు రాగానే జూనియర్లు సగం ధరకి అడుగుతారు, మిగిలినవి పాత పేపర్లవాడి తక్కెట్లోకి పోతాయి. ఆ ఇంట్లో రెండో సంవత్సరం ఫిజిక్సు అలాగే పోయింది. మొదటి సంవత్సరం ఫిజిక్సు మిగలడానికి కారణం దాని అట్ట చిరిగి ఉండటం, ఎవరూ తీసుకోకపోవటం. ఆ చిరిగిన పుస్తకమే తరవాత మమ్మల్ని ఒడ్డున పడేసింది.

సర్టిఫికెట్ల సంగతి నా వెనక అట్ట లోపల రాసుంది. టెన్త్ మార్కుల లిస్టు, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, ర్యాంకు కార్డు, హాల్ టికెట్. ప్రతిదానికీ మూడేసి జిరాక్సులు. ఒరిజినల్స్ కాలేజీలో ఇచ్చేశాక చేతిలో మిగిలేవి ఆ జిరాక్సులే. ఆదాయం సర్టిఫికెట్ కోసం వాళ్ల నాన్న రెండు రోజులు కూలి పోగొట్టుకుని తిరిగాడు, కౌన్సెలింగ్ తేదీ వచ్చేదాకా ఆగడమే దానికి కారణం. మేలో పెట్టుకుని ఉంటే ఒక పూటలో అయ్యేది.

ఇక నలభై మూడో పేజీ. నాలో అన్నిటికన్నా నలిగిన పేజీ అదే.

సివిల్లో సీటొచ్చింది. మొదటి వారం, ఇంజినీరింగ్ మెకానిక్స్ క్లాసు. నేను బల్ల మీద తెరుచుకుని ఉన్నాను. సారు బోర్డు మీద ఒక దీర్ఘచతురస్రం గీశారు, మధ్యలోంచి ఒక అడ్డగీత లాగారు. ‘మొమెంట్ ఆఫ్ ఇనర్షియా’ అన్నారు. ఆ అమ్మాయి చెవికి వినబడింది వినబడినట్టు తెలుగు అక్షరాల్లో నా మీద రాసుకుంది. ‘మొమెంట్’ పక్కన పెన్సిల్‌తో సన్నగా ‘క్షణం?’ అని పెట్టింది. ఒక్క క్షణం ఆగమని చెప్పడానికి టీవీలో ‘వన్ మొమెంట్’ అంటారు కదా. ‘ఇనర్షియా’ పక్కన ప్రశ్నార్థకం ఒక్కటే. అరచేతి చెమటకి జెల్ పెన్ను సిరా చెదిరి, ఆ పేజీ కుడివైపు అంచు ఇప్పటికీ మసకగానే ఉంటుంది. చుట్టూ అందరూ తలలూపుతున్నారు. రాకూడని చోటికి వచ్చానేమో అనుకుందని ఆ చెయ్యి నా మీద ఎంత బరువుగా ఆనిందో దాన్నిబట్టి తెలిసింది.

తరవాత సారు ఒక సూత్రం రాశారు. ఐ ఈజ్ ఈక్వల్ టు ఐజీ ప్లస్ ఏ హెచ్ స్క్వేర్. పెన్ను ఆగింది. ఆ సూత్రం రూపం ఆ చేతికి తెలుసు. ‘ఏ’ ఉన్నచోట ‘ఎం’, ‘హెచ్’ ఉన్నచోట ‘ఆర్’ పెట్టి ఆ చెయ్యి దాన్ని ఎన్నిసార్లు రాసిందో!

ఆ రాత్రి హాస్టల్లో పెట్టె అడుగునుంచి ఆ అట్ట చిరిగిన ఫిజిక్సు పుస్తకం తీసింది. భ్రమణ చలనం పాఠం. సమాంతర అక్షాల సిద్ధాంతాన్ని ప్రవచించి నిరూపించండి, ఎనిమిది మార్కులు. అక్కడే, రెండేళ్లుగా కదలకుండా, జడత్వ భ్రామకం అన్న మాట పక్కన కుండలీకరణాల్లో ఆ ఇంగ్లీషు మాటలు మూడూ ఉన్నాయి. భ్రామకమే మొమెంట్. తలుపుని బందుల దగ్గర తోస్తే కదలదు, గొళ్లెం దగ్గర తోస్తే వేలితో కదులుతుంది. బలం ఎంతన్నదే కాదు, ఇరుసుకి ఎంత దూరంలో ఉందన్నది కూడా లెక్క. ఆ మాట వెనకున్న సంగతి ఇదే. ఇది ఆమెకి పదహారో ఏట నుంచీ తెలుసు. క్లాసులో ద్రవ్యరాశి బదులు వైశాల్యం తీసుకున్నారు, తేడా అంతే.

పెన్సిల్‌తో పెట్టిన ‘క్షణం?’ని కొట్టేసి, దాని పైన నీలం పెన్నుతో ‘జడత్వ భ్రామకం’ అని రాసింది. కింద ఇంకో వాక్యం రాసింది: ‘ఇది నాకు వచ్చు.’

ఒకటో పేజీ, నీ మీద మొట్టమొదట ఉండాల్సిన వాక్యం అది. ఎర్ర పెన్నుతో రాసిన ఇరవై మాటల నియమం కాదు. కాలేజీకి తయారవడమంటే లేనిదాన్ని పోగుచేసుకోవడమనుకుని నువ్వూ తనూ వేసవంతా ఖర్చుపెట్టారు. ఉన్నదానికి కొత్త పేరు నేర్చుకోవడం పది రోజుల పని. ఆ పది రోజులు చేసి ఉంటే మొదటి వారం ఆ చెయ్యి అంత చెమటపట్టేది కాదు. తెలుగులో నేర్చుకున్న చదువు తక్కువ చదువు కాదు. చదివిన సంగతి ఒక గట్టున, దాని ఇంగ్లీషు పేరు ఇంకో గట్టున ఉండిపోయాయి. మధ్యలో ఒక పలక వెయ్యడం పెద్దవాళ్లు చెయ్యాల్సిన పని. వాళ్లు చెయ్యలేదు, అందుకే ఆ భారం పిల్లల మీద పడింది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం పై చదువుల్ని ఉర్దూలో చెప్పడానికి ఒక అనువాద సంస్థనే నడిపింది. అప్పట్లో ఆ మాత్రం పూనుకున్నారు. ప్రాంతీయ భాషల్లో బీటెక్ చెప్పుకోవచ్చని ఏఐసీటీఈ అనుమతిచ్చింది 2021లో. మా అమ్మాయి డిగ్రీ అప్పటికే అయిపోయింది.

నలభై నాలుగో పేజీ నుంచి నా తీరు మారింది. మధ్యలో స్కేలు పెట్టి నిలువుగీత కొట్టింది. ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఇంగ్లీషు. ద్రవ్యవేగం, మొమెంటమ్. స్నిగ్ధత, విస్కాసిటీ. మాత్రిక, మాట్రిక్స్. సంభావ్యత, ప్రాబబిలిటీ. పన్నెండు రాత్రుల్లో చేతిలో మిగిలిన పుస్తకాలన్నీ అయిపోయాయి.

అసలు కష్టం ఆ పెద్ద మాటల్లో లేదని అప్పుడు తెలిసింది. చిన్న మాటల్లో ఉంది. నిచ్చెన లెక్క ఒకటి ఉంటుంది మెకానిక్స్‌లో, గోడకి ఆనించిన నిచ్చెన. ‘స్మూత్ వాల్’ అని ఇస్తారు. నునుపైన గోడ అని అర్థం రాసుకుంటే లెక్క రాదు. అక్కడ ఘర్షణ లేదని దాని తాత్పర్యం. ‘లైట్ రాడ్’ అంటే కడ్డీ బరువు లెక్కలోకి తీసుకోవద్దని. ‘జస్ట్ బిగిన్స్ టు స్లిప్’ అంటే ఘర్షణ తన హద్దు దాకా వచ్చిందని. ‘రెస్పెక్టివ్‌లీ’ అంటే వరుసగా అని. స్టేట్, డిరైవ్, డిడ్యూస్, డిస్టింగ్విష్, ఈ నాలుగూ వేరువేరు పనులు చెయ్యమంటాయి. ఓ పాతిక ముప్పై మాటలుంటాయి ఇలాంటివి. ప్రశ్నపత్రమంతా వాటి మీదే నడుస్తుంది. నిఘంటువులో ‘ఏ’ నుంచి వెతుక్కుంటూ వెళ్తే దొరకవు. లెక్కలు చేస్తూ పోతేనే దొరుకుతాయి.

అవి దొరికింది రూమ్మేట్ వల్ల. విజయవాడ పిల్ల, చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియం. ప్రశ్న గడగడా చదివేసేది, నిచ్చెన మీద బలాల బొమ్మ గీయమంటే చెయ్యి ఆడేది కాదు. మా అమ్మాయి బొమ్మ చక్కగా గీసేది, ప్రశ్న అర్థమయ్యేది కాదు. ‘నువ్వు చదివి చెప్పు, నేను చేసి చూపిస్తా’ అని మంచం మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. నా డెబ్బయ్యో పేజీ నుంచి రెండు చేతిరాతలు కనబడతాయి. ఒకటి వంపుగా, ఒకటి నిలువుగా.

క్లాసులో మొదటిసారి నోరు విప్పింది నవంబర్‌లో. అడగాల్సిన వాక్యాన్ని ముందురాత్రి నా మీద తెలుగు లిపిలో ఐదుసార్లు రాసుకుంది. తీరా లేచి నిలబడ్డాక ఇంగ్లీషు రాలేదు, ‘సార్, ఆ నెగెటివ్ సైన్ ఎందుకొచ్చింది సార్?’ అంది. సారు వెనక్కి తిరిగి బోర్డు చూసి, తెలుగులోనే, మొదటి మెట్టు నుంచి మళ్లీ చెప్పారు. వెనక బెంచీల్లో పేజీలు తిప్పిన చప్పుడు వినబడింది. వాళ్లకీ అర్థం కాలేదన్నమాట అప్పటిదాకా. ఒకటో పేజీ, ఈ ప్రశ్న మొదటి వారమే అడగమని తనకి చెప్పు. వాక్యం కుదిరేదాకా ఆగొద్దని చెప్పు.

ఈ వేసవిలో వాళ్ల పిన్ని కొడుకు వచ్చాడు. ఇంటర్ అయిపోయింది, తెలుగు మీడియమే. అలమరలో నన్ను చూసి బయటికి తీశాడు, ఊడిన కుట్టు మీద బొటనవేలు పెట్టి అట్ట తెరిచాడు.

‘అక్కా, ఇది నాకిచ్చెయ్యవా? కాపీ చేసుకుంటా.’

‘అది నాది రా. నీది నువ్వు రాసుకోవాలి. ఫిజిక్సు పుస్తకాలు అమ్మెయ్యలేదు కదా?’

‘లేదక్కా, సంచిలోనే ఉన్నాయి.’

‘తీసుకురా. నీకు బాగా వచ్చిన పాఠం ఏది?’

వాడు పుస్తకం తెచ్చి, విషయసూచిక మీద వేలు జరుపుకుంటూ వెళ్లి ఆపాడు. ‘తలతన్యత.’

‘చెప్పు. పుస్తకం చూడకుండా.’

మా అమ్మాయి వాళ్లమ్మ అవతల మిషను దగ్గర కొత్త నోట్సుని గుడ్డ మీద పెట్టి సుద్దతో గీత గీస్తోంది, ఈసారి ఆకుపచ్చ. వాడు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. వాన చినుకు గుండ్రంగా ఎందుకుంటుందో, నీటి పైభాగం సాగదీసిన పొరలా ఎందుకు ఉంటుందో, దాని మీద గుండుసూది ఎలా తేలుతుందో. మా అమ్మాయి పెన్ను మూత తీసి చేతిలో పట్టుకుని కూర్చుంది. ఇంకా ఏమీ రాయలేదు. వాడు చెబుతున్నాడు.