నగకూ ఉంది జాతకం

పెళ్లికొడుకు జాతకం మూడుచోట్ల చూపించే మన ఇళ్లలో పుస్తెలతాడు జాతకం మాత్రం ఎవరూ అడగరు. అడిగితే కొట్టాయన నొచ్చుకుంటాడట!

ఆ జాతకం నగ మీదే చెక్కి ఉంటుంది: బీఐఎస్ ముద్ర, 22కే916, పక్కనే అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ కోడ్. హాల్‌మార్క్ తప్పనిసరైన జిల్లాల్లో 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ ఆరూ లేకుండా అమ్మకూడదు. రెండు గ్రాముల లోపు నగలకు మినహాయింపు ఉంది. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే బండారమంతా బయటపడుతుంది. ఫోన్‌కు సెల్ఫీల నుంచి తీరికేదీ?

916 అంటే వెయ్యి పాళ్లలో అంత బంగారం. మిగతా 84 రాగి, వెండి వగైరా. వజ్రాలు పొదగడానికి 18 కేరట్లే గట్టి. ఆ మాటంటే అత్తగారికి నామోషీ. రాయి ఊడి పప్పులో పడ్డా సరే, 22 తగ్గకూడదు!

ఈ బజారులో నిజాయితీపరురాలు బందరు చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ ఒక్కతే. పైన పూతేనని ముందే ఒప్పుకుంటుంది. పేరంటంలో ‘‘ఎంత పడింది వదినా?’’ అంటే నీళ్లు నమిలేది దాన్ని వేసుకున్నావిడే.