కొండ కింద మూడెకరాలు

మాది పెదవేగి. శాలంకాయనులు, తూర్పు చాళుక్యులు ఏలిన వేంగి నేల మీద పుట్టామన్న గీర మా ఊళ్లో అందరికీ కాస్తో కూస్తో ఉంటుంది. సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన నాకు ఇంకాస్త ఎక్కువ. అలాంటివాణ్ణి బుట్టాయగూడెం మన్యంలో, గుబ్బల మంగమ్మ తల్లి గుడికెళ్లే దారిలో ఒక లోయ చూసి మనసు పారేసుకున్నాను. చుట్టూ కొండలు, మధ్యన వాగు, ఒడ్డున జీలుగు చెట్లు. కంచె లేదు, హద్దురాయి లేదు. ఖాళీ నేలే అనుకున్నాను. జీలుగు చెట్లకి కల్లు కుండలు వేలాడుతున్నాయి. అవి ఎవరు కట్టారో మాత్రం తోచలేదు. పామాయిల్ రైతు బుర్ర కదా, నిలబడ్డచోటే ఎకరానికి 57 మొక్కలు నాటేసింది.

"మీ ఊరి రేటుతో చూస్తే ఇది ఉత్తపుణ్యానికొచ్చినట్టేనండి మేస్టారూ" అన్నాడు దళారి. సంతలో వంకాయలు చవగ్గా ఇస్తే పుచ్చులేమోనని తిప్పి చూస్తాను. ఇక్కడ తిప్పి చూడలేదు.

"ఇల్లెక్కడ కడతావు బాబూ?" అని ఒక కోయ ముసలమ్మ అడిగింది. చూపించాను. నవ్వి, పక్కనున్న చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్లింది. బెరడు పగుళ్లలో నా నడుమెత్తున ఎండుగడ్డి, ఒండ్రు అంటుకుని ఉన్నాయి. "వానాకాలం వాగు ఇందాకా వస్తది." అయినా అడ్వాన్సు ఇచ్చాను. అరుగు ఎత్తు పెంచితే సరిపోతుందనుకున్నాను!

బుట్టాయగూడెంలో టీ కొట్టాయన చెప్పేదాకా 1/70 చట్టం గుర్తు రాలేదు. 1959 నాటి నిబంధనల్ని 1970లో బిగించారు. ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమి కొంటే చెల్లదు, సాటి గిరిజనేతరుడి దగ్గర కొన్నా చెల్లదు. గనుల కోసం సర్కారు సైతం అక్కడి భూమిని గిరిజనేతరులకి లీజుకివ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాజ్యాంగం ఐదో షెడ్యూలు పిల్లల చేత బట్టీ పట్టించినవాణ్ణి నేనే.

దళారిని నిలదీశాను. అతనేమీ తొణకలేదు. "దానికేముందండి, ఆ ముసలమ్మ మనవడి పేరున కాయితం రాయించుకుందాం. అనుభవం మీది."

వెంటనే కాదనలేదు నేను. ఖర్చెంతవుతుందని అడిగాను.