చూపించే మనిషి ఏడి?

సెలవురోజున లేపాక్షికి వెళ్ళి చూడండి. నాట్యమండపంలో వేలాడే స్తంభం దగ్గర జనం వరస కట్టి ఉంటారు. ఒకరు స్తంభం కింద తువ్వాలు దూరుస్తారు, ఇంకొకరు చున్నీ. అవతలివైపు నుంచి లాగుతూ వీడియో తీసుకుంటారు. అది అయిపోగానే బయటికి నడుస్తారు. తలెత్తి పైకప్పు చూసేవాళ్ళు ఎంతమంది? అక్కడ ద్రౌపదీ స్వయంవరం ఉంది, పార్వతీ పరమేశ్వరుల కల్యాణం ఉంది, అర్జునుడు కిరాతుడితో తలపడుతున్నాడు. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి అది. దగ్గర దగ్గర అయిదు వందల ఏళ్ళనాటి రంగులు. చూడవలసినవి నెత్తిమీద ఉంటే, అందరి కళ్ళూ నేలమీదా ఫోన్లలోనూ ఉన్నాయి.

మా రోజుల్లో హిందూపురంలో బస్సెక్కి పోయేవాళ్ళం. గుడిలో అడుగు పెట్టగానే ఊరి పెద్దాయన ఎవరో ఒకరు వెంట నడిచేవారు. చేతిలో ఏమైనా పెడితే పుచ్చుకునేవారు, పెట్టకపోయినా చూపించేవారు. లతామండపం దగ్గర ఆపి, స్తంభాల మీది తీగలూ పూలూ ఒక్కొక్కటే చూపిస్తూ, "ఇదో, ఇది మీయమ్మ చీరంచులో ఉంటాది చూడు నాయనా" అనేవారు. ఇంటికెళ్ళి అమ్మ పెట్టె తెరిపించి వెతుక్కున్న పిల్లలం మేము. బొమ్మల మండపంలోకి వచ్చేసరికి మాత్రం ఆయన గొంతు గట్టిపడేది. "ఈడ కర్పూరం ముట్టించొద్దప్పా. పొగ పైకి పోయి బొమ్మల మొగాన కూచుంటాది." ఆ మాట విన్నాక అగ్గిపెట్టె తీసినవాడు లేడు. విరూపణ్ణ తన కళ్ళు తానే పెరికి విసిరాడని చెప్పే గోడ దగ్గర, ఆ ఎర్ర మరకలను ముట్టుకోబోయిన చేతిని మెల్లగా పక్కకు తీసేవారు.

అప్పటి జనమంతా బుద్ధిమంతులని నేను చెప్పడం లేదు. గుళ్ళలో శిల్పాల మీద సున్నం కొట్టించిన ధర్మకర్తలు మా పెద్దల్లోనే ఉన్నారు. రాతి మీద పేరు గీకే జబ్బు కూడా పాతదే. అజంతా పదో గుహలో 1819లో జాన్ స్మిత్ అనే తెల్ల సైనికాధికారి గీకిన పేరూ తేదీ ఇప్పటికీ ఉన్నాయి. అయితే అప్పుడు వచ్చేవాళ్ళు కొద్దిమంది, చెప్పేవాళ్ళు ఉండేవారు. ఇప్పుడు వచ్చేవాళ్ళు వేలు, చెప్పేవాళ్ళు లేరు. నాకు కోపం తెప్పించేది ఇదే.

చెప్పే మనిషి స్థానంలో చట్టం రాసిన బోర్డు వచ్చింది. పాత కట్టడాలను కాపాడే 1958 నాటి చట్టాన్ని 2010లో సవరించారు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మంచి చట్టమే. కానీ బోర్డు చదివి చెయ్యి వెనక్కి తీసుకున్నవాణ్ణి నా కళ్ళతో ఒక్కణ్ణీ చూడలేదు. 2019లో హంపిలో కుర్రాళ్ళు ఒక రాతిస్తంభాన్ని తోసి పడేశారు, అదీ వీడియో కోసం. న్యాయస్థానం తలా 70,000 రూపాయలు కట్టించి, ఆ స్తంభాన్ని వాళ్ళచేతే మళ్ళీ నిలబెట్టించింది. ఆ తీర్పు నాకు ఎంతో నచ్చింది. రాయి బరువు భుజానికి తెలిసింది కదా!

పోనీ, కంచె కట్టి జనాన్ని దూరంగా నిలబెడదామంటారు కొందరు. నేను ఒప్పుకోను. హంపి విఠలాలయంలో స్వరాల స్తంభాలను తట్టీ తట్టీ అరగదీశారు కాబట్టి అక్కడ ఆపక తప్పలేదు, సరే. అన్నిచోట్లా అదే మందు వేస్తే మన పిల్లలకు గుడి ఫోటోలో చూసే వస్తువవుతుంది. కాపాడటమంటే ఏదో ఒకటి చేసెయ్యడం కూడా కాదు. అజంతా హైదరాబాదు రాజ్యంలో ఉన్న రోజుల్లో, 1920ల్లో, నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి నిపుణులను పిలిపించింది. ఊడిపోతున్న పూతను వాళ్ళు గోడకు అంటించి నిలబెట్టారు, అది గొప్ప మేలు. కానీ బొమ్మల మీద పూసిన వార్నిష్ తరవాత పసుపెక్కి, దాన్ని తీయడం ఇంకో పెద్ద పని అయింది. ఇప్పుడక్కడ వాహనాలను కొండకు దూరంగా ఆపి బస్సుల్లో తీసుకెళతారు. గుహలోకి విడతల వారీగా పంపుతారు. మనిషి ఊపిరిలోని తేమ కూడా ఆ రంగులకు చేటు. లోపలికి రానిస్తూనే హద్దు పెట్టడం అంటే అదీ.

లేపాక్షిలోనూ అదే చెయ్యండి. మండపంలోకి విడతకు కొద్దిమందిని పంపండి. ఊళ్ళో చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, నెల జీతమిచ్చి, ప్రతి విడతతో ఒకరిని నడిపించండి. పైకప్పు బొమ్మల కింద ఒక పెద్ద అద్దం చక్రాల బల్ల మీద పెడితే, మెడ పైకెత్తలేని నాలాంటి ముసలివాళ్ళూ, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళూ వంగి తీరిగ్గా చూస్తారు. మెట్ల దగ్గర రాతికి మేకు దిగకుండా చెక్క వాలుబల్లలు వెయ్యవచ్చు. ఇక ఆ స్తంభం. దాని కింద సందు ఉందని తెలియడానికి అంతమంది గుడ్డలు లాగాలా? ఇసుక రేణువు పట్టిన గుడ్డను రోజంతా రాతికి రాస్తూ ఉంటే ఏమవుతుందో గచ్చు తుడిచే మనిషిని అడిగినా చెబుతుంది. ఒక పక్క నేలమీద చిన్న బ్యాటరీ దీపం పెట్టండి, వెలుతురు ఇవతలి నుంచి అవతలికి వస్తుంది. ఎవరూ ముట్టకుండానే అందరూ చూస్తారు. ఈ సంగతి అక్కడి అధికారులకు ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. మళ్ళీ రాస్తాను.